ఫరహాబాద్ మంచె మీద నేను వేసిన కేక

2008 మే 10, శనివారం. బండి ఎక్కేలోపు నేను ముగించిన పనులు: వాకిలి ఊడ్చి చల్లి ముగ్గు వేయడం, మంచినీళ్ళ బిందెలు నింపి గుడ్డలు కట్టడం, మా ఆయనకు రెండు రోజులకు సరిపడా పప్పూ చారూ కాచి గిన్నెల మీద మూతలు పెట్టడం, ప్రయాణానికి జొన్నరొట్టెలు, పులిహోర, ఉల్లిగడ్డ కారం, పల్లిపొడి సర్దడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం, పాలు పోసే ఆమెకు ఆదివారం వద్దని చెప్పడం. మూడున్నరకే లేచాను. ముందు రాత్రి కూడా రొట్టెల పిండి జల్లించుకుంటూ పడుకునేసరికి చాలా పొద్దుపోయింది. ఒక్క పనీ వదలలేదని సంతోషంగా తాళం చెవి మా ఆయన చేతిలో పెట్టాను. ఈ జాబితా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ సాయంత్రం జరిగినదానికి మొదలు ఇందులోనే ఉంది.

ఖిల్లా ఘణపూర్ కోట ఎక్కినప్పటి నా టపా చదివి కొందరు, నల్లమలలో జంతువులను చూడాలంటే వనపర్తి వైపు నుంచి ఎలా వెళ్ళాలో రాయమని అడిగారు. నేనూ రాయాలనే అనుకున్నాను. కానీ ఈ ప్రయాణం నా కోసం పెట్టుకున్నది కాదు. మా ఆయన అక్క అనసూయమ్మ గద్వాలలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి పోయిన ఏడాది రిటైరయింది. నాకు వదినె. గోడకు తగిలించిన అడవి జంతువుల పటం మీద బెత్తం పెట్టి, "ఇది దుప్పి, ఇది కణితి, ఇది ఎలుగుబంటి" అని ఉద్యోగమంతా పిల్లలకు చెప్పిన మనిషి, అందులో ఒక్కదాన్నీ అడవిలో చూడలేదు. ఇప్పుడు ఆమె కళ్ళకు నీటికాసుల జబ్బు. హైదరాబాదులో కంటి దవాఖాన డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడట. ఎదురుగా ఉన్నది మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు, కొంచెం కనిపిస్తుంది. పక్కలన్నీ చీకటి.

ఏప్రిల్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, భోజనం చేస్తూ ఉన్నట్టుండి, "సుగుణా, ఒక్క దుప్పిని చూపెట్టే. చుక్కలు పటంల ఉన్నట్టే ఉంటయో లేదో చూస్త. నేను పిల్లలకు అబద్ధం చెప్పలేదని తెలిస్తే చాలు" అంది. మా ఆయనది ఎరువుల దుకాణం. వానాకాలం పంటకు ముందు సరుకు దిగే రోజుల్లో కదల్లేడు. "నేను చూపిస్త వదినె" అని మాటిచ్చాను. ఏ పని మీద వేసుకున్నా కాగితం మీద పెట్టి, దారీ టైమూ చూసుకుని చేసే మనిషినని ఇంట్లో నాకు పేరు. ఆ ధైర్యంతోనే మాటిచ్చాను.

వదినె శుక్రవారం సాయంత్రం గద్వాల బస్సులో వనపర్తి వచ్చింది. శనివారం ఆరున్నరకు ఇండికా కారు మాట్లాడుకుని బయలుదేరాం. రెండు రోజులకు డీజిలుతో కలిపి రెండు వేల రెండు వందలు, డ్రైవరు భోజనం మనదే. బస్సుల్లో వెళ్ళేవాళ్ళు నాగర్‌కర్నూలులో ఒకసారి, అచ్చంపేటలో ఒకసారి మారాలి, ఖర్చు పదో వంతు కూడా కాదు. కాని వదినెను మారుస్తూ తీసుకుపోవడం కష్టమని కారు పెట్టాను. డ్రైవరు ఖాజా మా వీధివాడే. గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు, అక్కడ చాయ్, తర్వాత తెలకపల్లి మీదుగా అచ్చంపేట. ఎండ ముదరకముందే ఇంత దారి అయిపోయేలా చూసుకోండి. మే నెలలో పది దాటితే కారు లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది.

దారిలో వదినెకూ నాకూ ఒక అభ్యాసం పెట్టాను. జంతువు ఏ పక్కన ఉన్నదో నోటితో చెబితే అది పారిపోతుంది, వేలు చూపిస్తే వదినెకు కనిపించదు. అందుకని నా చెయ్యి ఆమె భుజాల మీద ఉంటుంది. ఎడమ భుజం నొక్కితే ఎడమకు తిరగాలి, కుడి నొక్కితే కుడికి. ఒక నొక్కు దగ్గర, రెండు నొక్కులు దూరం. రోడ్డు పక్క గొర్రెల మందలతో మొదలుపెట్టాం. మొదట్లో ఆమె తల తిప్పేసరికి మంద దాటిపోయేది. ఖాజాకు ఇది బాగా నచ్చింది. బండి నెమ్మది చేసి తనూ కలిశాడు.

"టీచరమ్మా, ఎడమకు జూడుండ్రి, గాడిదలు!"

వదినె తల తిప్పి, కళ్ళు చిట్లించి, "దొరికింది. ఒకటే కనవడుతుంది. రెండోదేది?" అంది.

"రెండోది బండి నడుపుతుంది గదమ్మా."

వదినె పడిపడి నవ్వింది. నాగర్‌కర్నూలు దాటేసరికి పొలంలో ఎద్దును, చెట్టుకింద మేకను, కరెంటు తీగ మీద పాలపిట్టను కూడా నా వేళ్ళ గుర్తుతో పట్టుకోగలిగింది. ప్రతిసారీ చిన్నపిల్లలా "దొరికింది" అనేది. ఆ మాట వినడానికే నేను ఇంకా ఇంకా నొక్కాను. ఇంత బాగా కుదురుతుందని నేనూ అనుకోలేదు.

పదిన్నరకు మన్ననూరు చేరాం. అచ్చంపేట నుంచి పద్దెనిమిది కిలోమీటర్లుంటుంది, అడవి అక్కడ మొదలవుతుంది. ముందే ఫోను చేసి ఉంచిన గదికి మూడు వందలు. మంచాలు రెండు, ఫ్యాను ఒకటి, నీళ్ళు బకెట్లలో. శుభ్రంగానే ఉంది, దుప్పట్లు మాత్రం మనవి తీసుకెళ్ళడం మంచిది. అడవిలోకి సొంత బండి వెళ్ళనివ్వరు. మన్ననూరులో జీపు మాట్లాడుకోవాలి, తోడు కాపలా మనిషి వస్తాడు. మేము మూడింటి జీపుకు చెప్పుకున్నాం. మధ్యాహ్నం రొట్టెలు తిన్నాక వదినె ఒక కునుకు తీసింది. నన్నూ పడుకోమంది. నేను మిగిలిన పులిహోర చెడిపోకుండా వెడల్పు గిన్నెలో ఆరబోసి, అంటుగిన్నెలు తోమి, మరునాటి దారి కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. పడుకుని ఉంటే ఈ టపా మరోలా ఉండేది.

కాపలా మనిషి పేరు బయన్న. చెంచు, మా వయసే ఉంటుంది, నోటి నిండా మాటలు. కారు గది దగ్గర వదిలి ఖాజా కూడా మాతో జీపెక్కాడు. ఫరహాబాద్ గేటు దాటి లోపలికి పోతుంటే ఇరువైపులా ఆకురాలిన చెట్లు, పసుపెక్కిన గడ్డి. అప్పుడప్పుడు కొండముచ్చులు. వాటికి ఏమీ పెట్టొద్దని బయన్న ముందే చెప్పాడు.

"గుంట కాడ మంచె ఎక్కుదాం. మొన్న, నిన్న ట్యాంకరు రాలే. గుంట ఎండిపోయి ఉండె. ఇయ్యాల పొద్దుగాల నీళ్ళు పోసిన్రు. దూప మీదున్నయి, తప్పక వస్తయి," అన్నాడు.

"ఎప్పుడొస్తయి బయన్నా?" అని అడిగింది వదినె.

"అయిదు దాటినంకనే. గా లోపట రావు. మీరు నిమ్మలంగ కూసోండ్రి. సప్పుడు జేయొద్దు, లేసి నిలవడొద్దు, గంతే."

నేను ఊరుకోలేదు. ఆయన చెప్పిన రెండు మాటలకు నా తరఫున అయిదారు కలిపాను. ఖాజాను ఫోను ఆపేసి చూపించమన్నాను. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకోమని వదినెకు చెప్పి లవంగం ఇచ్చాను. నా గాజులు చప్పుడు కాకుండా రుమాలు చుట్టుకున్నాను. ఖాజా మంచె మెట్ల మీద దగ్గబోతే కళ్ళెర్రజేశాను. "అమ్మా, తుమ్మచ్చునా?" అని చెవిలో అడిగాడు. వద్దన్నాను.

మంచె చెట్ల ఎత్తులో కర్రలతో కట్టినది, మీద గడ్డి కప్పు. ఎదురుగా సిమెంటుతో సాసరులా కట్టిన నీటి గుంట. ట్యాంకరు పోసినప్పుడు పొర్లిన నీళ్ళతో దాని చుట్టూ నల్లటి బురద. జీపు మమ్మల్ని దింపి దూరంగా వెళ్ళిపోయింది. ముందు వరసలో వదినె, ఆమె వెనక నేను, ఆమె రెండు భుజాల మీద నా రెండు చేతులు. ఒక మూల బయన్న, ఇంకో మూల ఖాజా. వదినె తన కళ్ళద్దాలు చీర చెంగుతో తుడిచి పెట్టుకుంది. మళ్ళీ తీసి తుడిచింది.

అడవిలో చప్పుడు లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో వెళ్ళేవాళ్ళకు చెప్పాలి. మొదటి అరగంట అన్నీ వినబడతాయి. ఎండుటాకు రాలినా, ఉడుత గీకినా. తర్వాత గాలి ఆగిపోతుంది. గడ్డి కప్పు కింద వేడి గాలి కమ్ముకుంటుంది. ఏదో పిట్ట ఒకటే రాగం తీస్తూంటుంది. నేను గ్లాసుడు నీళ్ళు తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నాను. నా కళ్ళు మూసుకుపోతున్నాయని నాకు తెలుసు. ఇంకా అయిదు కాలేదు కదా, ఒక్క నిమిషమే అనుకున్నాను.

నేను పుట్టింది వీపనగండ్లలో. మా నాన్నకు ఏటి వైపు మెట్ట చేను, అందులో పల్లీ జొన్నా వేసేవాడు. పెండ్లయ్యేదాకా సాయంత్రాలు చేనులో మంచె మీద నాదే కాపలా. జింకలు గుంపుగా దిగేవి. ఒక్క పూట ఏమరితే నాలుగు సాళ్ళు నున్నగా మేసేవి. దూరాన గోధుమరంగు వీపు కదిలిందంటే చాలు, లేచి కేక వేయడం, వడిసెల తిప్పి రాయి విసరడం, డబ్బా వాయించడం. అది ఆలోచించి చేసే పని కాదు. ఒంటికి అలవాటైన పని. వనపర్తి కాపురానికి వచ్చాక ఇన్నేళ్ళలో మళ్ళీ మంచె ఎక్కింది ఆ రోజే.

బయన్న పుల్లతో నా కాలి మీద పొడిచాడు. నేను కళ్ళు తెరిచాను. సాయంకాలపు ఎండ, గడ్డి కప్పు, కర్రల సందుల్లోంచి గోధుమరంగు వీపులు, వంగిన మెడలు. ఒకటి కాదు, గుంపు. నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. లేచి నిలబడ్డాను.

"హోయ్! హోహోయ్! ఉరుకుండ్రి! మీ పాడె గట్ట, చేనంత తింటిరి గదే!"

చేతిలో ఉన్నది విసిరాను. ఒళ్ళో ఉన్న స్టీలు గ్లాసు. అది గుంట అంచుకు ఖంగున తగిలి నీళ్ళలో పడింది. గుంపంతా ఒక్కసారి ఎగిరింది. కాళ్ళ చప్పుడు, విరిగిన కొమ్మల చప్పుడు, దుమ్ము. ముందు వరసలో ఒక్కటి నీటికి మూతి ఆనించినట్టే ఉంది, తాగిందో లేదో తెలియదు. అంతే, గుంట చుట్టూ ఒక్కటీ లేదు.

మొదట నోరు తెరిచింది బయన్న. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"ఏ చేనమ్మా?"

ఖాజా మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడని భుజాలు చెప్పాయి. వదినె మాత్రం నవ్వలేదు. తల అటు తిప్పి, ఇటు తిప్పి, దుమ్ములో ఏదో వెతుకుతోంది.

"ఏందది? ఏమొచ్చినయి?"

"దుప్పులు వదినె."

"ఎటు దిక్కు?"

"పోయినయి."

"మరి భుజం నొక్కలేదేందే? ఎవరు గట్ల అరిచింది?"

నా చేతులు ఎప్పుడు ఆమె భుజాల మీది నుంచి జారిపోయాయో నాకే తెలియదు. "నేనే వదినె. నిద్రపోయిన" అన్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తుడవలేదు.

"ఇన్నేండ్లల్ల నా క్లాసుల ఎందరో నిద్రపోయిన్రు. కలవరించినోళ్ళు కూడ ఉన్నరు. తిట్లు మాత్రం ఇదే మొదటిసారి ఇన్నది," అంది. మాట మామూలుగానే ఉంది. నా ముఖం వైపు మాత్రం తిరగలేదు.

అప్పుడు నేను చేసిన రెండో తప్పు మొదటిదాని కంటే చెడ్డది. మొదటిది నిద్రలో చేసింది. ఇది మెలకువగా ఉండి చేసింది. "ఇంకా గంటన్నర టైముంది వదినె, ఆరున్నర దాకా ఉండనిస్తరు. జీపుకు పైసలు కట్టినం. కూసుందాం, మళ్ళ రాకపోవు" అన్నాను. ఎలాగైనా మాట నిలబెట్టుకోవాలని నా ఆరాటం.

వదినె బయన్నను అడిగింది. "మనముంటే వస్తయా?"

"రావమ్మా. మన వాసన తగిలింది, కేక ఇన్నయి. గా పొదల దాపుకే నిలవడి సూస్తుంటయి. మనం దిగిపోతే వస్తయో రావో చెప్పలేను. ఇయ్యాల రావనే నా అనుమానం."

"వేరే నీళ్ళున్నయా దగ్గర?"

"మస్తు దూరం. ఎండిపోయినయి అన్ని."

వదినె లేచింది. "దిగుదాం పా."

"వదినె, గంటన్నర..."

"నీ గంటన్నర పక్కకు వెట్టే. రెండు దినాల సంది దూప మీదున్నయంటుండు. నేను చూస్తేనేంది, చూడకపోతేనేంది. వాటిని తాగనియ్యి."

ఆ మాటతో నేను ముడుచుకుపోయాను. దుప్పులను ఆమెకు చూపించలేకపోయానన్న ఒక్క బాధలోనే ఉన్నాను తప్ప, దూపతో వచ్చిన జీవాలను నీటి అంచు దాకా రానిచ్చి తరిమేశానని నాకు అప్పటిదాకా తోచలేదు. మా చేను మీద పడ్డవాటిని తరిమినందుకు ఎప్పుడూ సిగ్గుపడలేదు. అక్కడ అవి మా కూడు తింటున్నాయి. ఇక్కడ ఉన్నది వాటి నీళ్ళు, నేను చూడటానికి వచ్చినదాన్ని.

దిగి గ్లాసు తెచ్చుకుంటానంటే బయన్న వద్దన్నాడు. "ఇప్పుడు గుంట కాడ మనిషి అడుగు వెట్టొద్దమ్మా. పోనియ్యి గ్లాసు. నువ్వు దుప్పులకు బాకీ పడ్డవు, గా గ్లాసు కుదువ వెట్టినవనుకో."

జీపు దాకా నడుస్తుంటే ఖాజా నా పక్కకు వచ్చాడు. "అమ్మా, నా ఫోను బందు చేయిస్తిరి. తుమ్ము బందు చేయిస్తిరి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పరేషాన్ గాకుండ్రి. మా అమ్మ కూడ నిద్రల కోళ్ళను అదిలిస్తది" అన్నాడు. ఓదార్పుకే అన్నాడు. నాకు మాత్రం చేతికి చుట్టుకున్న రుమాలు కనిపించింది. గాజులు చప్పుడు కాలేదు. విప్పి సంచిలో కుక్కాను.

మన్ననూరు చేరేసరికి ఇంకా వెలుగుంది. పులిహోర విప్పాను. వదినె రెండోసారి కారం వేయించుకుని తిన్నది. నేను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇయ్యాల ఊకో. నాకు మనసుల ఉన్నది. లేదని ఎట్ల జెప్పను? రేపటికి తగ్గుతది." ఆమె అలా ఉన్నదున్నట్టు చెప్పడమే మేలయింది. పరవాలేదని అనేసి ఉంటే నేను ఇంకా కుంగిపోయేదాన్ని. కాసేపటికి తనే మళ్ళీ అడిగింది. "చుక్కలున్నయా?" "ఉన్నయి వదినె." "తెల్లగున్నయా? పటంల పసుపుపచ్చగ ఏసిండు, నాకు ఎన్నడు నమ్మకం లేకుండె." నేను గుర్తు చేసుకోబోయాను. చుక్కలు ఏ రంగులో ఉన్నాయో నాకు తెలియదు. నేనూ చూడలేదు. చేనును మేస్తున్న వీపులనే చూశాను. ఆ మాటే చెప్పాను.

ఆదివారం కాగితం మీద రాసుకున్న ప్రకారం మేము మల్లెలతీర్థం జలపాతం చూసి మధ్యాహ్నానికి తిరుగు దారి పట్టాలి. పొద్దున్నే చాయ్ బండి దగ్గర బయన్న కనిపించాడు. గుంట చూసి రావడానికి జీపులో పోతున్నానన్నాడు. వదినె గ్లాసు కింద పెట్టి, "మేము కూడ వస్తం. తాగినయో లేదో చూడాలె" అంది. మల్లెలతీర్థం మాట నేనే కొట్టేశాను. ఆ గుంటను చూడాలంటే భయంగానూ ఉంది, చూడకుండా ఇంటికి పోలేననీ ఉంది. అందరం మళ్ళీ జీపెక్కాం, ఖాజా కూడా.

జీపు దూరాన ఆగింది. బయన్న ముందు ఒక్కడే వెళ్ళి చుట్టూ చూసి, చెయ్యి ఊపి పిలిచాడు. ఆయన ముఖం చూసి ముందు ఏమీ తెలుసుకోలేకపోయాను. దగ్గరికి పోయాక నవ్వాడు.

"నేను జెప్పింది తప్పైందమ్మా. మనం పోయినంక జరసేపటికే వచ్చినట్టున్నయి. జూడుండ్రి, ఎన్ని అడుగులో!"

గుంట చుట్టూ బురదంతా గిట్టల గుర్తులే. ఒకదాని మీద ఒకటి, పెద్దవి, మధ్యవి, నా బొటనవేలంత చిన్నవి కూడా. నీళ్ళు నిన్నటి కంటే చాలా కిందికి దిగాయి. అంచున, చేతికందే లోతులో, నా స్టీలు గ్లాసు ఒరిగి పడి ఉంది. అది అక్కడ ఉండగానే, దాని పక్కనే అవి తాగి వెళ్ళాయి. నాకు ఏడుపు వచ్చింది. కొంగుతో తుడుచుకుంటుంటే వదినె నా వైపు చెయ్యి చాచింది.

"ఏది, నాకు ఒక్క అడుగు చూపెట్టు. మంచిది, విడిగ ఉన్నది చూసి చూపెట్టు."

ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఎడమవైపు ఒక నొక్కు నొక్కాను. ఆమె అటు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, తల కొంచెం కొంచెం కదుపుతూ వెతికింది. "దొరికింది," అంది. చూపుడువేలు ఆ గుర్తులో పెట్టింది. చింతగింజను రెండు బద్దలు చేసి పక్కపక్కన పెట్టినట్టుంది. ఒక బద్ద చుట్టూ వేలు పోనిచ్చింది, కొన దగ్గర ఆగింది, రెండో బద్ద వెంట కిందికి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి. ఒకటో తరగతి పిల్లలకు ఇసుకలో అక్షరం దిద్దించిన వేలు అది. "పటంల అడుగులు ఎయ్యలేదు వాడు. ఇది నేను పిల్లలకు జెప్పనే లేదు" అంది. ఇంకోటి చూపించమంది. చిన్నది చూపించాను. దాన్ని కూడా దిద్దింది. ఆ తర్వాత నా మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది.

"కూసో. నువ్వు కూడ దిద్దు. క్లాసుల నిద్రపోయినదానికి శిక్ష."

కూర్చున్నాను. నా వేలును తన చేత్తో పట్టుకుని ఆ గుర్తులో పెట్టి, ఒక బద్ద, రెండో బద్ద, నెమ్మదిగా తిప్పించింది. బురద ఇంకా చల్లగా ఉంది. "గట్ల కాదు, ఒత్తి దిద్దు" అని నా వేలి మీద చిన్న దెబ్బ వేసింది. ఖాజా తనకు కూడా శిక్ష కావాలన్నాడు, నిన్న నవ్వినందుకట. వదినె వాడికీ ఒకటి ఇచ్చింది. బయన్న గ్లాసు తీసి, కడిగి, నా చేతిలో పెట్టాడు. "కుదువ ఇడిపించుకో అమ్మా. తాగినయి. నీ బాకీ లేదు," అన్నాడు.

తిరుగు దారిలో వదినె నా భుజానికి ఆనుకుని పడుకుంది. ఒక దుప్పినైనా చూపిస్తానన్న నా మాట నిలబడలేదు. ఆమె కళ్ళు ఇంకో వేసవి దాకా ఉంటాయో లేదో నాకు తెలియదు. ఇంట్లో అందరూ నా పద్ధతిని మెచ్చుకుంటారు. ఆ పద్ధతిలో పులిహోరకు చోటుంది, నాకు కావలసిన నిద్రకు లేదు. నన్ను నమ్మి ముందు వరసలో కూర్చున్న మనిషికి కావలసింది రొట్టెలూ కారాలూ కాదు, మెలకువగా ఉన్న రెండు చేతులు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కేక నా చెవిలో వినిపిస్తోంది, ముఖం వేడెక్కుతోంది. చదివి నవ్వేవాళ్ళు నవ్వండి, ఖాజా నవ్వినట్టే. బయన్న ఊళ్ళో ఇప్పటికే ఈ కథ తిరుగుతూ ఉంటుంది.

వెళ్ళబోయేవాళ్ళకు ఒక్క మాట: మంచె ఎక్కే రోజుకు వంట పెట్టుకోకండి. మన్ననూరులో అన్నం దొరుకుతుంది. ముందు రాత్రి నిండా నిద్రపోయి వెళ్ళండి, మధ్యాహ్నం ఎవరైనా పడుకోమంటే పడుకోండి.

మే 11, ఆదివారం. స్టీలు గ్లాసు ఒకటి, తిరిగి వచ్చింది. నల్లమల దుప్పులకు నేను పడ్డ బాకీ, ఒక సాయంత్రపు నీళ్ళు: అవే తాగి వెళ్ళాయి. చెల్లు.